కారం మిల్లు ఉన్నవాళ్ళు పచ్చళ్ళలోకి దిగితే: చేతిలో ఉన్న బలం ఏది, కొత్తగా కూడగట్టుకోవాల్సింది ఏది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: గుంటూరు పక్కన మీ కుటుంబం చాలా ఏళ్ళుగా కారం, పసుపు ఆడించి సొంత పేరుతో దాదాపు 60 కిరాణా షాపులకు వేస్తోంది. ఇప్పుడు ఆవకాయతో మొదలుపెట్టి పచ్చళ్ళు చేద్దామనుకుంటున్నారు. చేతిలో ₹15 లక్షలున్నాయి. ఆ డబ్బు యంత్రాలకు పెట్టాలా, ప్రచారానికి పెట్టాలా, మిల్లు ఉండటం ఇందులో ఎంతవరకు అక్కరకొస్తుంది, చికెన్ పచ్చడి కూడా పెట్టొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మిల్లు మీకు బాగా అక్కరకొస్తుంది, కానీ మీరు అనుకుంటున్న చోట కాదు. కారం చవగ్గా పడుతుందన్నది చాలా చిన్న లాభం. మీ అసలు బలాలు రెండు. ఏడాది పొడుగునా ఒకే రంగు, ఒకే ఘాటు నిలబెట్టగలగడం ఒకటి, వారం వారం ఆ 60 షాపులకు తిరిగే మీ ఆటో రెండోది. మీ దగ్గర లేనివి మూడు. పుల్లటి తడి సరుకును పాడవకుండా నిలవబెట్టే పద్ధతి, నూనె కారకుండా సీసా మూయడం, ఏ సీసాలోకి ఏ కాయ వెళ్ళిందో చెప్పగలిగే లెక్క. డబ్బు ఈ మూడింటి మీద పెట్టండి. ప్రచారం మొదటి ఏడాది అక్కర్లేదు. మొదటి సీజన్‌కి 2 టన్నులు దాటొద్దు.

ఇక కారణాలు.

కొత్త వ్యాపారానికి లోపలి బలం అని దేన్ని లెక్కేయాలో చాలామంది తికమకపడతారు. యంత్రం బలం కాదు, డబ్బుంటే పక్కవాడూ రేపే కొంటాడు. ఇంట్లో పెద్దావిడ చేతి రుచి కూడా అప్పుడే బలం కాదు. ఆవిడ ఊళ్ళో లేని రోజు, మేనేజర్ సెలవులో ఉన్న రోజు, కాయ కాస్త తేడాగా వచ్చిన రోజు కూడా అదే రుచి వస్తే అప్పుడది సంస్థ బలం. మనుషులు మారినా అదే ఫలితం మళ్ళీ మళ్ళీ ఇచ్చే పని, అంతే. ఈ కొలతతో చూస్తే మీ మిల్లులో ఉన్నవాటిలో కొన్ని పచ్చళ్ళకు పనికొస్తాయి, కొన్ని అస్సలు పనికిరావు, ఒకటి రెండు ఎదురు తిరుగుతాయి కూడా.

ముందు లెక్క చూద్దాం. ఇవి లెక్క తేల్చడానికి తీసుకున్న ధరలు, మీ దగ్గరి ధరలు వేసుకుని మళ్ళీ కట్టుకోండి. 100 కిలోల ముక్క కావాలంటే జీడి, ముచ్చిక, చెడిపోయినవి పోగా సుమారు 135 కిలోల మామిడికాయ కావాలి. కిలో ₹35 చొప్పున ₹4,725. కారం 13 కిలోలు ₹300 చొప్పున ₹3,900. ఆవపిండి 11 కిలోలు ₹1,320. ఉప్పు 14 కిలోలు ₹280. నువ్వుల నూనె 22 కిలోలు ₹300 చొప్పున ₹6,600. మెంతులు, వెల్లుల్లి 3 కిలోలు ₹500. కడగడం, తుడవడం, కొట్టడం, కలపడం కూలి ₹2,000. మొత్తం ₹19,325. తూకం 163 కిలోలు, అంటుకుపోయేది ఒలికేది తీసేస్తే చేతికొచ్చేది 158. కిలో ₹122, అరకిలో సీసాలో సరుకు ₹61.

ఇప్పుడు మీ సొంత కారం కిలో ₹300 బదులు ₹250కే పడిందనుకోండి. 13 కిలోల మీద ₹650 మిగిలింది. 158 కిలోలకు పంచితే కిలోకి ₹4, సీసాకి ₹2. మిల్లు ఉంది కాబట్టి మాకు పచ్చడి చవగ్గా వస్తుందన్న నమ్మకం విలువ ఆ రెండు రూపాయలే. ఖర్చులో పెద్ద పద్దు నూనె, రెండోది కాయ. ఆ రెండింటి కొనుగోలులో మీకింకా చెయ్యి తిరగలేదు.

మరి మీ కారం గొప్పదనం ఎక్కడుంది? రంగులో, నమ్మకంలో. బయట కారం కొని పచ్చడి పెట్టే చిన్న యూనిట్లను ఏటా వేధించే సమస్య ఇదే. మేలో కలిపిన డ్రమ్ము ఎర్రగా ఉంటుంది, జూన్‌లో కలిపింది ఇటుక రంగుకు దిగుతుంది. కొన్నవాడు రెండో సీసా తెరిచి ఇది అది కాదంటాడు. మీకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డులో మిరపకాయ చూసి కొనడం తెలుసు. తేజ ఘాటుకు, బ్యాడిగి రంగుకు ఏ పాళ్ళలో కలపాలో తెలుసు. తాలు కాయ ఎంత కలిసిందో చేత్తో పట్టుకుని చెప్పగలరు. కాయ 10, 11 శాతం తేమకు దిగిందో లేదో తెలుసు, కోల్డ్ స్టోరేజీలో పెట్టి అవసరమైనప్పుడు తీసుకోవడం అలవాటే. ఎరుపు కోసం కలిపే సుడాన్ లాంటి నిషిద్ధ రంగుల భయం మీ సరుకులో ఉండదు. పచ్చడికని ఒక కారం మిశ్రమం ఖాయం చేసి, ఏడాదికి సరిపడా కాయను ఆ లాటు కిందే పక్కన పెట్టండి. 2 టన్నుల పచ్చడికి కావాల్సింది సుమారు 165 కిలోల కారమే, కష్టం కాదు.

ఒక హెచ్చరిక. కారం ఆడే యంత్రంలోనే ఆవాలు ఆడించొద్దు. ఆవాల్లో నూనె పాలు మూడో వంతు పైమాటే. వేడెక్కిందంటే పిండి ముద్దయి జల్లెడ మూసుకుపోతుంది, చేదెక్కుతుంది, తర్వాత ఆడిన కారానికి ఆ వాసన పడుతుంది. బాగా ఎండిన ఆవాలను, వేరే చిన్న గ్రైండర్‌లో, పొద్దున్నే చల్లటి పూట, కొంచెం కొంచెంగా ఆడించి అదే రోజు వాడేయండి.

రెండో బలం ఆటో అన్నాను. అరకిలో సీసా కొరియర్‌లో పంపితే సరుకు ₹61, సీసా మూత లేబులు ₹20, అట్టపెట్టె ₹12, కొరియర్ ₹70 అనుకుందాం. ₹163 అయింది. ఆర్డరు రావడానికి ఫోన్లో ప్రకటనలకు ₹80 పోతే ₹243. ₹250కి అమ్మితే పగిలినవీ తిరిగొచ్చినవీ భరించడానికి కూడా ఏమీ మిగలదు. అదే సీసా మీ ఆటోలో కారం ప్యాకెట్ల పక్కన కూర్చుని వెళ్తే రవాణా ₹3, పెట్టె ఖర్చు ₹4. మొత్తం ₹88. ఎంఆర్‌పీ ₹180 పెట్టి షాపుకు 20 శాతం వదిలితే మీకు ₹144 వస్తుంది. ₹56 తేడా. కొత్తగా వచ్చేవాడు ఈ దారి కట్టుకోవడానికి ఏళ్ళు పడుతుంది, మీకు ఇప్పటికే ఉంది. 2 టన్నులంటే 4,000 సీసాలు. 60 షాపులు, 10 నెలలు, షాపుకు నెలకు సుమారు 7 సీసాలు. అంతకంటే ఎక్కువ చేస్తే మోయడానికి మీ దారికి బలం చాలదు. 2 టన్నులన్న అంకె అలా వచ్చింది.

ఆ ₹56 లాభమనుకోకండి. అందులోంచే జీఎస్టీ, కరెంటు, వడ్డీ పోవాలి. నెలకు ₹25,000 చొప్పున 8 నెలలు సూపర్‌వైజర్‌ను పెడితే ₹2 లక్షలు, 4,000 సీసాలకు పంచితే సీసాకు ₹50. అంటే మొదటి ఏడాది మీకు మిగిలేది దాదాపు సున్నా. అది తెలిసే దిగాలి. రెండో ఏడాది అదే మనిషితో 5 టన్నులు చేస్తే, ఏడాది మొత్తం జీతం ₹3 లక్షలైనా సీసాకు ₹30కి దిగుతుంది. మొదటి ఏడాది డబ్బు పెట్టి కొంటున్నది పద్ధతిని.

ఇక లేని బలాల సంగతి. ఇక్కడ నిదానంగా చదవండి, చెడేదంతా ఇక్కడే చెడుతుంది.

మీ మిల్లు మొత్తం పొడి సరుకు చుట్టూ అలవాటు పడింది. పొడి సరుకులో తప్పు జరిగితే ఉండకడుతుంది, రంగు తగ్గుతుంది, మహా అయితే పురుగు పడుతుంది. తడి సరుకులో తప్పు జరిగితే పొంగుతుంది, బూజు పడుతుంది, మనిషికి హాని చేస్తుంది. అందుకే మిల్లు మేస్త్రీని పచ్చళ్ళ గదిలో పెట్టొద్దు. గది కూడా వేరే ఉండాలి, మిల్లు గాలి అటు రాకూడదు. కారం దుమ్ములో బూజు విత్తనాలుంటాయి, అవి వచ్చి తడి ముక్క మీద వాలతాయి. అక్కడి తడి మిల్లులోకి పాకితే కారం ఉండకడుతుంది. వేరే తలుపు, వేరే బట్టలు, వేరే గరిటెలు. నేలకు వాలు, కాలువ, కిటికీలకు జాలీ. ఇనుము, ఇత్తడి పాత్రలు దగ్గరికి రానివ్వొద్దు. నిలవకు ఆహారానికి పనికొచ్చే హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) డ్రమ్ములు చాలు. మామూలు స్టీలు కూడా ఉప్పు పులుపు నెలల తరబడి తగిలితే గుంటలు పడుతుంది.

మామిడికాయ విషయంలో తొందర అంతా ఒక్క రోజులోనే. టెంక గట్టిపడి, లోపల ఇంకా తెల్లగా ఉన్న పుల్లటి కాయ కావాలి. పసుపు తిరిగిందంటే ముక్క మెత్తబడుతుంది, ఎంత ఉప్పేసినా ఆగదు. కోసిన కాయ 24 గంటల్లో ముక్కై ఉప్పూ కారంలో పడాలి. కడిగాక ఒక్కో కాయా తుడవాలి, జీడి కింది పలుచని పొర కూడా తీయాలి. ఈ తుడవడాన్ని కూలీ మిగుల్చుకుందామని తగ్గించిన చోటల్లా రెండు నెలల తర్వాత పైన తెల్లటి పొర తేలుతుంది. మేలో ముక్కలు కొట్టే మనుషులకు ఊరంతా గిరాకీ. మార్చిలోనే మాట్లాడుకుని అడ్వాన్స్ ఇవ్వండి.

కలిపిన మూడో నాడు తిరగేసి ఉప్పు చూడటం మన ఇళ్ళలో ఉన్నదే. దానికి కొలత జోడించండి. మూడు నాలుగు వారాలు డ్రమ్ములో ఊరాక నూనె తీసేసి, ముక్కా పిండీ కలిపి మెత్తగా నూరి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) చూడాలి. పైన తేరిన ఊటలో చూస్తే చాలదు, ముక్క లోపలి సంగతి అది చెప్పదు. పీహెచ్ మీటరును రోజూ 4.01, 7.00 ద్రావణాలతో సరిచూసుకున్నాకే వాడండి. ప్రమాదకరమైన బోట్యులిజం సూక్ష్మజీవి పెరగకుండా ఉండాలంటే 4.6 లోపు ఉండాలి. మీరు 4.0 దాటినివ్వకండి. మామిడికి సొంత పులుపుంది కాబట్టి మీకు ఇది సులువు. ఆవకాయతో మొదలుపెట్టడం మంచి ఆలోచన అనడానికి కారణం అదే.

చట్టం సంగతి ఒకటి ముందే తెలియాలి. నూనె పచ్చళ్ళకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ప్రమాణం ప్రకారం వడకట్టిన బరువు, అంటే నూనె, ఊట కారిపోయాక మిగిలే బరువు, 60 శాతానికి, నూనె 10 శాతానికి తగ్గకూడదు. ఇళ్ళలో వాడే పాళ్ళలో పిండి ఎక్కువ. అవే పాళ్ళు యథాతథంగా పెడితే 60 దగ్గర తేడా రావచ్చు. పైన లెక్కలో ముక్క 61 శాతం వచ్చేలా వేసింది అందుకే. ఇంకోటి, మీ లైసెన్సు మసాలా పొడులకు తీసుకున్నదై ఉంటుంది. పచ్చళ్ళు వేరే వర్గం, లైసెన్సులో చేర్పించుకున్నాకే మొదటి సీసా బయటికి పోవాలి.

రుచిని మనిషి చేతిలోంచి కాగితం మీదికి దించడం ఎలా అంటే: ఇంట్లో పెద్దావిడ కలుపుతుంటే పక్కన కాటా పెట్టి, గిద్దె, సోల, గుప్పెడు అన్నదల్లా గ్రాముల్లో రాయండి. ఆవిడ మధ్యలో ముట్టుకుని చూసి ఇంకాస్త వేసింది కూడా రాయాలి, అసలు రహస్యం అక్కడే ఉంటుంది. తర్వాత ఆ కాగితం ఇచ్చి ఇంటి మనిషి కాని ఒకరితో 5 కిలోల చొప్పున మూడుసార్లు చేయించండి. ఊరాక 12 మందికి తలా మూడు గిన్నెలు ఇవ్వండి, రెండింట్లో ఒకటే, మూడోదాంట్లో వేరేది. తేడాగా ఉన్నది ఏదో చెప్పమనండి. ఊరికే ఊహించినా నలుగురు సరిగ్గా చెప్తారు. 8 మంది లేదా అంతకుమించి పట్టేస్తే తేడా నిజంగానే ఉందని, కాగితం ఇంకా సరిపోలేదని అర్థం. సరిపోయేదాకా సీసాలు కొనొద్దు.

మూత దగ్గర పోయే పరువు ఇంకెక్కడా పోదు. ఆటోలో, ఎండలో, షాపు అరలో పక్కకు వాలిన సీసా నూనె కారిస్తే షాపాయన రెండోసారి తీసుకోడు, పైగా పక్కనున్న మీ కారం ప్యాకెట్లు కూడా జిడ్డయ్యాయంటాడు. పెట్ (ప్లాస్టిక్) సీసాకు ఇండక్షన్ సీలు, అంటే వేడితో మూతికి అతికే రేకు, వేసేటప్పుడు మూతి అంచున ఒక్క నూనె చుక్క ఉన్నా సీలు పట్టదు. నింపడానికి ఒకరు, అంచు తుడవడానికే ఇంకొకరు ఉండాలి. ప్రతి బ్యాచ్‌లో 20 సీసాలు తీసి, తెల్ల కాగితం మీద 24 గంటలు తలకిందులుగా వేడి గదిలో నిలబెట్టండి. ఒక్కటి మరక పెట్టినా ఆ బ్యాచ్ మూతలన్నీ మళ్ళీ చూడాల్సిందే. నింపినప్పుడు ముక్క పైకి తేలకుండా నూనె నిలవాలి, తేలిన ముక్కకే బూజు.

బ్యాచ్ నంబరు ఒక పుస్తకం, ఒక పెన్నుతో అయ్యే పని. డ్రమ్ము నంబరు, కాయ వచ్చిన తేదీ, తోట, కారం లాటు, నూనె లాటు, పీహెచ్, ఉప్పు, ఎవరు కలిపారు, ఏ షాపుకు వెళ్ళింది. బ్యాచ్‌కు రెండు సీసాలు గడువు తీరేదాకా దాచండి. నెలకోసారి ఏదో ఒక షాపులో ఒక సీసా తీసి, దాని తోబుట్టువులు ఎక్కడెక్కడున్నాయో రెండు గంటల్లో చెప్పగలరేమో చూసుకోండి. చెప్పలేకపోతే ఫిర్యాదొచ్చిన రోజున మొత్తం సరుకు వెనక్కి తేవాల్సొస్తుంది.

కొత్త పనికి ఏ బలం నడిచొస్తుంది, ఏది విడిగా కట్టుకోవాలి అన్నదానికి మనకు తెలిసిన పెద్ద ఉదాహరణ అమూల్. 1996లో ఐస్‌క్రీంలోకి దిగేనాటికి పాల సేకరణ, పేరు, వెన్న అమ్మే దుకాణాలు వాళ్ళకు ముందునుంచే ఉన్నాయి. కానీ వెన్నకు సరిపోయే చల్లదనం ఐస్‌క్రీంకు చాలదు. ఫ్యాక్టరీ నుంచి దుకాణం ఫ్రీజర్ దాకా మైనస్ 18 డిగ్రీల దారి కావాలి, అది వెన్న దారితో పాటు ఊరికే రాదు. మీకు ఆ మైనస్ 18 లాంటిది పీహెచ్, మూత, పుస్తకం.

పాత వ్యాపారాన్ని కొత్తది దెబ్బతీసే దారులు రెండున్నాయి. ఒకటి నగదు. మీ డబ్బు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిరపకాయలో ఇరుక్కుంటుంది. అది తిరిగి రాకముందే ఏప్రిల్ చివర్నుంచి జూన్ దాకా మామిడికాయ, నూనె అడుగుతాయి. రెండు సీజన్లు వెనకావెనకే పడటం వల్ల మే నెలలో మిల్లులు కూడా నగదుకు కటకటలాడిపోతాయి. రెండోది అప్పు ఖాతా. కారం రెండు వారాల్లో కదులుతుంది, పచ్చడి రెండు నెలలు పడుతుంది. రెండూ ఒకే బిల్లులో వేస్తే, పచ్చడి ఇంకా అమ్మలేదండీ అంటూ షాపాయన కారం డబ్బు కూడా ఆపుతాడు. పచ్చడికి వేరే బిల్లు బుక్కు పెట్టండి. మొదట షాపుకు 6 సీసాలు, అమ్ముడైతేనే డబ్బు, మిగిలితే వెనక్కి అన్న షరతు మీద ఇవ్వండి.

₹15 లక్షల పంపకం నా లెక్కలో ఇలా ఉంటుంది. గది, నేల, నీళ్ళు ₹3 లక్షలు. కాటాలు, పీహెచ్ మీటరు, ఉప్పు పరీక్ష సామాను, బయటి ల్యాబ్ పరీక్షలు ₹75 వేలు. చేత్తో నడిపే ఫిల్లరు, సీలింగ్ యంత్రం, డ్రమ్ములు ₹1.25 లక్షలు. 2 టన్నుల సరుకు, సీసాలు ₹3.25 లక్షలు. సూపర్‌వైజర్ ₹2 లక్షలు. మొత్తం ₹10.25 లక్షలు. మిగిలిన ₹4.75 లక్షలు ముట్టుకోకండి, పచ్చడి డబ్బు చేతికొచ్చేలోగా వచ్చే ఫిబ్రవరి మిరపకాయ వచ్చేస్తుంది. సూపర్‌వైజర్ కోసం బాపట్ల ఫుడ్ సైన్స్ కాలేజీలో చదివిన పిల్లలను అడగండి, దగ్గరే. కేంద్రం 2020లో తెచ్చిన చిన్న ఆహార యూనిట్ల పథకంలో అప్పుతో ముడిపెట్టి 35 శాతం, గరిష్ఠంగా ₹10 లక్షల సబ్సిడీ పెట్టారు. మీ జిల్లాలో దరఖాస్తుల సంగతి కనుక్కోండి, కానీ సబ్సిడీ వస్తుంది కదా అని యూనిట్ సైజు పెంచొద్దు. అమ్మలేని సైజుకు కట్టిన అప్పు సబ్సిడీ పోయాక కూడా మిగులుతుంది.

ఇదంతా ఖర్చు పెట్టకముందే చేయగల పరీక్ష ఒకటుంది, నేనైతే దీన్నే ముందు చేయమంటాను. లైసెన్సున్న ఒక మంచి యూనిట్‌కు మీ కారం ఇచ్చి 200 సీసాలు చేయించుకోండి. తయారీ వాళ్ళది, అమ్మకం మీది అని లేబులు మీద స్పష్టంగా ఉండాలి. రెండు నెలలు మీ ఆటోలో తిప్పండి. షాపులు మళ్ళీ అడిగితే దారి మోస్తుందని తేలినట్టు, అప్పుడు గది కట్టండి. అడగకపోతే ₹30 వేల లోపే తెలిసిపోయింది. ఒకవేళ అమ్మకం బాగుండి తయారీ తలనొప్పి వద్దనిపిస్తే ఇలాగే కొనసాగినా తప్పు లేదు, అమ్మే బలం కూడా బలమే.

చికెన్ పచ్చడి గురించి. ఇప్పుడు వద్దు. మామిడిలో పులుపు కాయే ఇస్తుంది. మాంసంలో అది లేదు, మీరు నిమ్మరసంతో తేవాలి, ఆ పులుపు ముక్క మధ్యదాకా చేరిందని ప్రతి బ్యాచ్‌లో కొలిచి నిరూపించుకోవాలి. వేయించడంలో తేమ ఎంత పోయిందో, వాటర్ యాక్టివిటీ (సూక్ష్మజీవులకు అందే తేమ కొలత) 0.85 లోపు వచ్చిందో ల్యాబ్‌లో చూడాలి. నూనెలో గాలి తగలకుండా మునిగి, పులుపు చాలక, లోపల తేమ మిగిలిన మాంసమే బోట్యులిజం సూక్ష్మజీవి కోరుకునే చోటు. చూపుకూ వాసనకూ ఏ తేడా తెలియకపోవచ్చు. వంటగది, పాత్రలు, మనుషులు, లైసెన్సు వర్గం అన్నీ వేరు. ఆవకాయ రెండు సీజన్లు ఒక్క ఫిర్యాదు లేకుండా, పీహెచ్ పుస్తకంలో ఒక్క ఖాళీ గడి లేకుండా నడిపాక అప్పుడు మళ్ళీ అడగండి. ఈలోగా రెండో రకం కావాలంటే నిమ్మకాయ, ఉసిరికాయ చూడండి, వాటికీ సొంత పులుపుంది. దొండకాయ, కాకరకాయల జోలికి పోవాలంటే మాత్రం చింతపండు పాళ్ళు పెట్టి పీహెచ్ తేల్చుకున్నాకే.